నెమ్మదిగా తిరిగే ఫ్యాను: రాజపాళయంలో రొద లేని కంప్యూటర్

బల్ల మీది కంప్యూటర్ చేసే లెక్కలకు చప్పుడు ఉండదు. ఆ లెక్కల వల్ల పుట్టిన వేడిని బయటికి తోలడంలోనే చప్పుడు పుడుతుంది. గోడ ప్లగ్గు నుంచి కంప్యూటర్ 200 వాట్ల కరెంటు తీసుకుంటే దాదాపు ఆ 200 వాట్లూ చివరికి వేడిగా మారి గదిలోకి వస్తాయి. ఆ వేడి పెట్టె లోపలే నిలిచిపోతే ప్రాసెసర్ ఉష్ణోగ్రత కొద్దిసేపట్లోనే 100 డిగ్రీల దగ్గరికి ఎగబాకుతుంది. అక్కడ అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, ఇంకా వేడెక్కితే ఆగిపోతుంది. ఆ స్థితి రాకుండా ఫ్యాన్లు తిరుగుతాయి. అందుచేత రొద తగ్గించే పనులు ఒక వరసలో నడుస్తాయి: వేడిని తక్కువగా పుట్టించడం, పుట్టిన వేడికి విశాలమైన దారి ఇవ్వడం, ఫ్యాన్లను నెమ్మదిగా తిప్పడం, మిగిలిన అదురును రేకులకు అంటనివ్వకపోవడం.

తమిళనాడులోని రాజపాళయం ఈ వరసలో ప్రతి మెట్టు దగ్గరా పరీక్ష పెట్టే ఊరు. విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాల దగ్గర ఉన్న ఈ ఊళ్లో తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా రాజపాళయం మిల్స్ స్థాపించాక ఊరు నూలు మిల్లుల కేంద్రంగా ఎదిగింది. దగ్గర్లోని ఛత్రపట్టి ఆస్పత్రులకు పంపే బ్యాండేజి గుడ్డ నేతకు పేరుపడింది. కంప్యూటర్ విడిభాగాల పెట్టెల మీద అచ్చయ్యే డెసిబెల్ అంకెలు మామూలుగా 20, 25 డిగ్రీల మధ్య ఉండే శుభ్రమైన గదిలో కొలిచినవి. వేసవి పగళ్లలో 37, 38 డిగ్రీలకు చేరే ఎండ, గాలిలో తేలే దూది నుసి కలిసిన చోట ఆ అంకెలు అలాగే నిలబడవు.

చప్పుడు లెక్క

డెసిబెల్ రెట్లను చెప్పే కొలత. 10 డెసిబెల్‌లు పెరిగితే ధ్వని శక్తి 10 రెట్లవుతుంది, 20 పెరిగితే 100 రెట్లవుతుంది. చెవి మాత్రం అంత తేడాను గుర్తించదు. 10 డెసిబెల్‌లు తగ్గితే చప్పుడు సుమారు సగమైనట్టు తోస్తుంది. ఒక ఫ్యాను పక్కన సరిగ్గా అలాంటిదే ఇంకొకటి పెడితే పెరిగేది 3 డెసిబెల్‌లే.

శటిల్ మగ్గాలు ఆడే షెడ్డులో చప్పుడు 90 డెసిబెల్‌లు దాటడం మామూలే. రోజుకు 8 గంటల పనికి భారతదేశపు కార్ఖానాల్లో హద్దు కూడా ఆ 90 దగ్గరే ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లను హద్దుగా పెట్టాయి. నడిరాత్రి తలుపులు మూసిన పడకగదిలో చప్పుడు 30 దగ్గర ఉంటుంది. మీటరు దూరంలో 30 కంటే తక్కువ వినిపించే కంప్యూటర్‌ను నిశ్శబ్దమైనదని అనవచ్చు.

సీలింగ్ ఫ్యాను జోరుగా తిరిగే గదిలో దాని చప్పుడే 40 దాటుతుంది. వేసవి పగలు ఆ హోరులో కంప్యూటర్ ఫ్యాన్లు కలిసిపోతాయి. డిసెంబరు రాత్రి సీలింగ్ ఫ్యాను ఆపగానే అదే కంప్యూటర్ వినపడటం మొదలవుతుంది. అయితే హోరు అన్నింటినీ కప్పలేదు. మనిషి చెవికి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్‌ల మధ్య పదును ఎక్కువ. ఆ మధ్యలో పడే సన్నని కూత ఎంత హోరులోనైనా విడిగా వినిపిస్తుంది. ఒకే డెసిబెల్ అంకె ఉన్న రెండు యంత్రాల్లో ఒకటి గాలి చప్పుడులా సర్దుకుపోతే, రెండోది దోమలా విసిగించడానికి కారణం ఇదే.

వేడిని మూలంలోనే తగ్గించడం

ప్రాసెసర్ ఖర్చు చేసే విద్యుత్తు దాని వేగంతో నేరుగా పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం వర్గంగా పెరుగుతుంది. వేగం మార్చకుండా వోల్టేజీని 10 శాతం తగ్గిస్తే ఖర్చు 19 శాతం తగ్గుతుంది. ప్రతి చిప్పూ ఒకేలా తయారు కాదు కాబట్టి, బలహీనమైనది కూడా తడబడకుండా నడిచేలా తయారీదార్లు వోల్టేజీని కొంత ఎక్కువగానే నిర్ణయిస్తారు. ఆ అదనాన్ని బయోస్‌లో (మదర్‌బోర్డు అమరికల తెరలో) కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ప్రతి మెట్టులో గంటసేపు బరువైన పని చేయించి చూడటాన్ని అండర్‌వోల్టింగ్ అంటారు. తెర ఆగిపోయినా, లెక్క తప్పినా ఒక మెట్టు వెనక్కి రావాలి.

ఇంతకంటే సులువైన దారి విద్యుత్ హద్దు పెట్టడం. ఏఎండీ రైజెన్ 7950ఎక్స్ ప్రాసెసర్ సాకెట్ నుంచి 230 వాట్ల దాకా తీసుకోగలదు. ఎకో మోడ్‌లో 65 వాట్ల తరగతిని ఎంచుకుంటే ఆ హద్దు 88 వాట్లకు దిగుతుంది. వాట్లు సగానికంటే బాగా తగ్గినా వేగం ఆ మేరకు తగ్గదు, ఎందుకంటే చివరి కొద్దిపాటి వేగం కోసమే చిప్పు అత్యధిక వోల్టేజీని వాడుతుంది.

గ్రాఫిక్స్ కార్డు చాలా కంప్యూటర్లలో అతి పెద్ద పొయ్యి. మదర్‌బోర్డు స్లాట్ నుంచి మాత్రమే కరెంటు తీసుకునే కార్డుకు 75 వాట్లే హద్దు. విడిగా వైరు తగిలించే కార్డులు 200 వాట్లు, అంతకు మించి కూడా మింగుతాయి. ఉత్తరాలు, లెక్కలు, సినిమాలు, ప్రోగ్రాములు రాయడం వంటి పనులకు ప్రాసెసర్‌లో కలిసి వచ్చే గ్రాఫిక్స్ సరిపోతుంది. ఆటలకు కార్డు తప్పనప్పుడు దానికీ విద్యుత్ హద్దు పెట్టవచ్చు. తెర సెకనుకు 60 బొమ్మలే చూపగలిగినప్పుడు కార్డు చేత 200 గీయించడం వల్ల పెరిగేది వేడి మాత్రమే.

వేడికి దారి

ప్రాసెసర్ మీద అమర్చే కూలర్ ఎంత సమర్థమో చెప్పడానికి ఉష్ణ నిరోధం అనే కొలత వాడతారు. ఒక కూలర్ నిరోధం వాటుకు 0.4 డిగ్రీలు అనుకుంటే, 65 వాట్ల ప్రాసెసర్ చుట్టూ ఉన్న గాలికంటే 26 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. గది 24 డిగ్రీలుంటే ప్రాసెసర్ 50 దగ్గర నిలుస్తుంది. గది 38 ఉంటే 64కు చేరుతుంది. ఫ్యానుతో నడిచే కూలర్ గానీ, నీటితో నడిచే కూలర్ గానీ ప్రాసెసర్‌ను గది కంటే చల్లగా మార్చలేవు. అందుకే చలి దేశాల్లో సరిపోయే కూలర్ కంటే ఒక తరగతి పెద్దది రాజపాళయంలో అవసరమవుతుంది.

టవర్ కూలర్ అడుగున రాగి దిమ్మె, దాని నుంచి పైకి లేచే రాగి గొట్టాలు, వాటికి గుచ్చిన పలుచని అల్యూమినియం రెక్కలు ఉంటాయి. గొట్టంలో గాలి తీసేసి కొద్దిపాటి నీరు పోసి మూసేస్తారు. పీడనం తక్కువ కాబట్టి ఆ నీరు తక్కువ వేడికే ఆవిరై పైకి పోతుంది, రెక్కల దగ్గర చల్లబడి మళ్లీ నీరవుతుంది, గొట్టం లోపలి వత్తి లాంటి పొర వెంట కిందికి చేరుతుంది. ప్రాసెసర్ మూతకూ దిమ్మెకూ మధ్య కంటికి కనిపించని గరుకు సందుల్లో గాలి ఉంటే వేడి దాటదు. ఆ సందులను నింపడానికే థర్మల్ పేస్ట్ పూస్తారు. అది పలుచగా ఉండాలి. పేస్ట్ గాలి కంటే వందల రెట్లు మెరుగైన ఉష్ణవాహకమైనా రాగితో పోలిస్తే చాలా వెనకబడి ఉంటుంది.

నీటి కూలర్‌లో ఫ్యానుకు తోడు పంపు కూడా తిరుగుతుంది. రేడియేటర్‌ను పంపు కంటే కిందికి ఉండేలా బిగిస్తే గాలి బుడగలు పంపులో చేరి గుడగుడమంటాయి. 100 వాట్ల లోపు ప్రాసెసర్‌కు మంచి టవర్ కూలర్ ఉంటే పంపు చప్పుడును కొని తెచ్చుకోవలసిన పని లేదు.

ఫ్యాను సూత్రాలు

నూలు మిల్లులో హ్యూమిడిఫికేషన్ ప్లాంటు నడిపే నిలువెత్తు ఫ్యానుకూ కంప్యూటర్ ఫ్యానుకూ సూత్రాలు ఒకటే. వేగం సగమైతే గాలి సగమవుతుంది, అది తోసే పీడనం నాలుగో వంతుకు, తినే కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతాయి. చప్పుడు సుమారు 15 డెసిబెల్‌లు తగ్గుతుంది. ఒక ఫ్యానును పూర్తి వేగంతో తిప్పే బదులు రెండింటిని సగం వేగంతో పక్కపక్కన తిప్పితే వచ్చే గాలి దాదాపు అంతే. చప్పుడు మాత్రం ఒకవైపు 15 తగ్గి మరోవైపు 3 పెరుగుతుంది, మొత్తం మీద 12 డెసిబెల్‌ల లాభం.

పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరిగినా గాలి బాగా ఇస్తుందని ఇంటి కప్పుకు వేలాడే ఫ్యానే చెబుతుంది. 1,200 మిల్లీమీటర్ల సీలింగ్ ఫ్యాను నిమిషానికి మూడు, నాలుగు వందల చుట్లు తిరిగి 200 ఘనపు మీటర్లకు పైగా గాలిని కదిలిస్తుంది. మరో కొసన, సన్నని సర్వర్లలో ఉండే 40 మిల్లీమీటర్ల ఫ్యాన్లు నిమిషానికి 15,000 చుట్లు తిరుగుతాయి. మిల్లు రింగు ఫ్రేములో కదురు తిరిగే వేగమూ ఇంచుమించు అంతే. ఏడు రెక్కల ఫ్యాను ఆ వేగంతో తిరిగితే రెక్కలు సెకనుకు 1,750 సార్లు గాలిని కొడతాయి, అది చెవికి కూతగా వినిపిస్తుంది. అదే ఏడు రెక్కలతో 120 మిల్లీమీటర్ల ఫ్యాను 600 చుట్లు తిరిగితే ఆ సంఖ్య 70కి దిగి, మెల్లని గాలి చప్పుడులో కలిసిపోతుంది.

ఎంత గాలి కావాలో లెక్క కట్టవచ్చు. కేబినెట్ లోపలి గాలి గది కంటే 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే, 120 వాట్ల కంప్యూటర్‌కు సెకనుకు 10 లీటర్లకు కొంచెం పైగా గాలి చాలు. 300 వాట్లకు 26 లీటర్లు కావాలి. ముందువైపు గాలి లోపలికి తీసుకునే 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు, వెనక బయటికి పంపే 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి ఉంటే, మొదటి తరహా కంప్యూటర్‌కు అవి 500, 700 చుట్ల మధ్యే తిరిగి పని ముగిస్తాయి. రేకుకే రంధ్రాలు పొడిచిన గ్రిల్లుకు ఫ్యాను మరీ ఆనుకుని ఉంటే ప్రతి రెక్కా అంచును దాటినప్పుడల్లా కూత పుడుతుంది. మధ్యలో వేలెడు ఖాళీ ఉన్నా, గ్రిల్లు స్థానంలో సన్నని తీగ కవచం పెట్టినా ఆ కూత పోతుంది.

దూది నుసి

నెమ్మదిగా తిరిగే ఫ్యానుకు ఒక బలహీనత ఉంది. వేగం సగమైతే దాని తోపు నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి చిన్న అడ్డు వచ్చినా గాలి ఆగిపోతుంది. రొద చేసే కంప్యూటర్ మురికిని ఎలాగో నెట్టుకొస్తుంది. నిశ్శబ్దమైన కంప్యూటర్‌కు ఆ శక్తి ఉండదు. దూది ఊళ్లో నిశ్శబ్దం శుభ్రత మీద ఆధారపడేది ఇందువల్లే.

నూలు వడికే చోట తెగిన పొట్టి పోగులు గాలిలోకి లేస్తాయి. మిల్లు భాషలో దీన్ని ఫ్లై అంటారు. మిల్లులోపల దాన్ని ఊడ్చేయడానికి యంత్రాల మీదుగా పట్టాలపై తిరిగే బ్లోయర్లు, పెద్ద పెద్ద వడపోత గదులు ఉంటాయి. బయట మగ్గాల ఇళ్లలో, బ్యాండేజి గుడ్డ చుట్టే చోట, నూలు గోదాముల పక్కన ఉన్న గదుల్లో అవేమీ ఉండవు. మామూలు మట్టి దుమ్ము రేణువు కూలర్ రెక్కల మధ్య నుంచి చాలావరకు దాటిపోతుంది. దూది పోగు మందం 12 నుంచి 20 మైక్రాన్లే అయినా పొడవు మిల్లీమీటర్లలో ఉంటుంది. రెక్కల మధ్య సందు సుమారు 2 మిల్లీమీటర్లు. పోగు అడ్డంగా పడి రెండు రెక్కల అంచులకు చిక్కుకుంటుంది, దాని మీద ఇంకొకటి చేరుతుంది, వాటి మీద మట్టి పడుతుంది. కొన్ని నెలల్లో కూలర్ ముఖాన కంబళి ముక్క లాంటి పొర తయారవుతుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఇది మరీ చిక్కబడుతుంది. ప్రామాణిక తేమలో దూది తన బరువులో 8.5 శాతం దాకా నీటిని పట్టి ఉంచుతుంది. తేమ ఎక్కిన నుసి మదర్‌బోర్డు మీద పేరుకుంటే లోహపు కాళ్లు తుప్పు పట్టే ప్రమాదమూ ఉంది.

నివారణ కేబినెట్ ఎంపికతోనే మొదలవుతుంది. గాలి తీసుకునే ప్రతి దారికీ చేత్తో ఊడదీయగల నైలాన్ జాలీ ఉండాలి. లోపలికి తీసుకునే గాలి బయటికి పంపే గాలి కంటే కొంచెం ఎక్కువ ఉండేలా ఫ్యాన్ల వేగాన్ని నిర్ణయించాలి. అప్పుడు పెట్టె లోపల పీడనం రవ్వంత ఎక్కువై, జాలీ లేని సందులన్నింటి నుంచీ గాలి బయటికే పోతుంది. పీడనం తక్కువైతే ఆ సందులే నుసికి వాకిళ్లవుతాయి. కేబినెట్‌ను నేల మీద పెట్టకుండా బల్ల ఎత్తుకు తెస్తే నేల మీద దొర్లే దూది ఉండలు దాని నోటికి అందవు.

శుభ్రం చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు కావాలి. బ్లోయర్‌తో గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. వదిలేస్తే అది దాని హద్దుకు మించి తిరిగి బేరింగు అరుగుతుంది. మిల్లు కంప్రెసర్ గాలి కంప్యూటర్‌కు పనికిరాదు, దాని పీడనం చాలా ఎక్కువ, అందులో నీటి తుంపర, నూనె కలిసి వస్తాయి. రెక్కల అంచుకు అల్లుకున్న పొరను ముందు మెత్తని బ్రష్షుతో, పట్టకారుతో లాగేసి ఆ తర్వాతే గాలి కొట్టాలి. నేరుగా గాలి కొడితే నుసి రెక్కల లోపలికి దిగబడుతుంది.

అదురు, కూత, మూలుగు

వీణకు బుర్ర ఎలా నాదాన్ని పెంచుతుందో, హార్డ్ డిస్క్ చప్పుడును కేబినెట్ రేకు, కేబినెట్ చప్పుడును బల్ల చెక్క అలాగే పెంచుతాయి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్క్ సెకనుకు 120 సార్లు, 5,400 చుట్ల డిస్క్ 90 సార్లు అదురుతాయి. ఒకే వేగపు డిస్కులు రెండు పక్కపక్కన ఉంటే, వేగాల్లోని రవ్వంత తేడా వల్ల మూలుగు ఎగుస్తూ దిగుతూ వినిపిస్తుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలే లేవు కాబట్టి ఆ గొడవ లేదు. ఎక్కువ నిల్వకు హార్డ్ డిస్క్ తప్పనిసరైతే దాన్ని రబ్బరు దిండ్ల మీద కూర్చోబెట్టాలి. ఫ్యాన్లకు మరల బదులు రబ్బరు పిన్నులు, కేబినెట్ కాళ్ల కింద రబ్బరు బిళ్లలు వాడితే అదురు బల్లకు దిగదు. చప్పుడు పీల్చుకునే స్పాంజి పలకలు సన్నని కూతలను కొంత తగ్గిస్తాయి గానీ లావు మూలుగును ఆపలేవు. దూది ఊళ్లో అవి నుసిని కూడా పట్టి ఉంచుతాయి.

గ్రాఫిక్స్ కార్డులోనూ మదర్‌బోర్డులోనూ ఉండే తీగ చుట్టలు కరెంటు మారినప్పుడల్లా అయస్కాంత బలాల వల్ల సన్నగా కంపిస్తాయి. ఆ కంపనం వినగల హద్దులో పడితే కూతగా వినిపిస్తుంది, దీన్ని కాయిల్ వైన్ అంటారు. ఆట మెనూల్లో బొమ్మలు సెకనుకు వందల సంఖ్యలో గీసేటప్పుడు ఇది తారస్థాయికి చేరుతుంది. బొమ్మల సంఖ్యకు హద్దు పెడితే చాలాసార్లు అణుగుతుంది.

ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్

గోడ కరెంటును కంప్యూటర్‌కు తగినట్టు మార్చే ఎస్‌ఎంపీఎస్ కూడా వేడి పుట్టిస్తుంది. లోపలి భాగాలకు 300 వాట్లు ఇవ్వాలంటే 80 శాతం సామర్థ్యం ఉన్న ఎస్‌ఎంపీఎస్ 375 వాట్లు తీసుకుని 75 వాట్లను వేడిగా వదులుతుంది. 90 శాతం సామర్థ్యం ఉన్నది 33 వాట్లే వదులుతుంది. వేడి సగానికి పైగా తగ్గింది కాబట్టి ఫ్యానూ మెల్లగా తిరుగుతుంది. కొన్ని రకాల్లో పని భారం తక్కువున్నప్పుడు ఫ్యాను పూర్తిగా ఆగిపోతుంది. వేడి గదిలో ఆ ఆగే సమయం తగ్గుతుంది.

యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ను సరిదిద్దే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి. వాటికి ముందు స్టెబిలైజర్ పెడితే వోల్టేజీ ఊగినప్పుడల్లా రిలే టిక్కుమనడం మాత్రమే మిగులుతుంది. యూపీఎస్ ఇచ్చే కరెంటు నిజమైన సైన్ తరంగం కాక మెట్లుమెట్లుగా ఉంటే, కరెంటు పోయినప్పుడు ఎస్‌ఎంపీఎస్ జుయ్‌మనవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పరికరాలన్నీ 50 హెర్ట్జ్ సరఫరాకు రెట్టింపుగా 100 హెర్ట్జ్‌ల దగ్గర మూలుగుతాయి. యూపీఎస్‌ను బల్ల మీద పెట్టకుండా దూరంగా, మెత్తని పీట మీద ఉంచితే ఆ మూలుగు తగ్గుతుంది.

సర్దుబాటు

నాలుగు పిన్నుల ఫ్యానుకు మదర్‌బోర్డు వేగాన్ని పీడబ్ల్యూఎం సంకేతంతో చెబుతుంది. ఆ సంకేతం సెకనుకు 25,000 సార్లు కొట్టుకుంటుంది, అది చెవికి అందే 20,000 హెర్ట్జ్‌ల హద్దుకు పైన ఉంటుంది. ఏ ఉష్ణోగ్రతకు ఏ వేగమో చెప్పే గీతను ఫ్యాన్ కర్వ్ అంటారు. కంపెనీ అమర్చి పంపిన గీత సాధారణంగా ఉష్ణోగ్రత కదిలినప్పుడల్లా ఫ్యానును కదిలిస్తుంది. ఒక వెబ్ పేజీ తెరిస్తే ప్రాసెసర్ క్షణంలో 15 డిగ్రీలు ఎక్కి దిగుతుంది, ఫ్యాను దాని వెంటే ఎగిరి పడుతుంది. నిలకడైన చప్పుడు కంటే ఈ ఎగుడుదిగుడే చెవిని ఎక్కువ విసిగిస్తుంది. గీత మొదటి భాగాన్ని చదునుగా ఉంచి, వేగం పెరగడానికి కొన్ని సెకన్ల ఆలస్యం పెడితే ఈ ఎగిరిపాటు ఆగుతుంది.

గీతను గీయవలసిన సమయం మే నెల మధ్యాహ్నం. డిసెంబరు రాత్రి 50 డిగ్రీల దగ్గర నిలిచిన ప్రాసెసర్ అదే పనికి వేసవిలో 64కు చేరుతుందని పైన లెక్కలో తేలింది. గీతలో వేగం పుంజుకునే మలుపు 60 దగ్గర ఉంటే, చలికాలంలో నిశ్శబ్దంగా ఉన్న కంప్యూటర్ వేసవి పొడవునా రొద చేస్తుంది. మలుపును 70 దగ్గరికి జరిపినా ప్రాసెసర్‌కు హాని లేదు, నేటి ప్రాసెసర్లలో చాలావాటి హద్దు 95, 100 డిగ్రీల మధ్య ఉంటుంది. గీతను సరిచూసే పరీక్ష కనీసం అరగంట సాగాలి. రాగి, అల్యూమినియం, లోపలి గాలి అన్నీ వేడెక్కి నిలకడకు వచ్చే దాకా కనిపించే అంకెలు నమ్మదగినవి కావు.

చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడానికి సీలింగ్ ఫ్యాను ఆపి, బయోస్‌లో ఒక్కొక్క ఫ్యాను వేగాన్ని విడిగా తగ్గిస్తూ వినాలి. ఫోన్‌లోని డెసిబెల్ యాప్ అసలు అంకెను సరిగా చెప్పకపోయినా, ఒకే చోట పెట్టి ముందూ వెనకా పోల్చడానికి పనికొస్తుంది.

సర్దుబాటు పూర్తయ్యాక ఒక కాగితం మీద మూడు అంకెలు రాసి పెట్టుకోవాలి: గది ఉష్ణోగ్రత, ఒక నిర్ణీత పనిలో ప్రాసెసర్ ఉష్ణోగ్రత, ఆ సమయంలో ఫ్యాను వేగం. మగ్గాల ఇంటి పక్కన నెలకోసారి, మామూలు ఇంట్లో మూడు నెలలకోసారి అదే పనిని మళ్లీ చేయించి చూడాలి. గది ఉష్ణోగ్రత మారకుండా ఫ్యాను వంద చుట్లు ఎక్కువ తిరుగుతోందంటే, చెవికి ఇంకా తేడా తెలియకముందే జాలీకి నుసి పట్టిందని అర్థం. జాలీ కడిగి ఆరబెట్టి బిగించగానే అంకె మళ్లీ పాత చోటికి వస్తుంది.